కోతలూ మడతలూ

ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆవిరి మూడు రకాలు. ఒకటి బాయిలరుది, రెండోది ఇస్త్రీ రోలరుది, మూడోది కోతల మరిది నోట్లోంచి వచ్చేది. మొదటి రెండింటికీ ఆపడానికి మీట ఉంది.

ఆయన అసలు పేరు జీతం చీటీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఆయన వదిన అక్కడే మడతల బల్ల దగ్గర ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది కాబట్టి ఊరందరికీ ఆయన మరిదే. ముందు కోతలెందుకు చేరాయో ఆయన నోరు తెరిస్తే తెలిసిపోతుంది. బాయిలరు పేలబోతుంటే మూత మీద కూర్చుని, రెండో షిఫ్టు వాళ్లు వచ్చేదాకా దాన్ని అణచిపెట్టాననేవాడు. మాసిన దుప్పట్ల మూటలో పొరపాటున వచ్చేసిన రోగిని లేపి, టీ తాగించి, బస్సెక్కించి పంపాననేవాడు. పైగా ఆ రోగి ఏటా ఉత్తరం రాస్తాడట. ఇవన్నీ విని నోళ్లు తెరుచుకునే మనుషులు కూడా ఆ లాండ్రీలో ఉండేవారు. వినేవాళ్లే లేకపోతే ఆయన ఏనాడో మూగవాడైపోయేవాడు.

వదినని అందరూ మడతలక్క అంటారు. ఆమె మడత పెడితే దుప్పటి అంచులు నాలుగూ ఒక్కటిగా కలుస్తాయి. విప్పి మళ్లీ మడిస్తే ఎవరో విప్పారన్న సంగతి దుప్పటికే తెలియదు. ఆమెకి యాభై నాలుగేళ్లు. కుడి మోకాలు మధ్యాహ్నానికి పొంగిన రొట్టెలా అవుతుంది. అరవై నిండిన మర్నాడు ఆ బల్ల ముందు ఒక్క గంట కూడా నిలబడకూడదని ఆమె పట్టు. ఆ పట్టుకి ఆధారం జీతం చీటీలో నెలనెలా కోసే పింఛను వాటా ఒక్కటే.

అలాంటి మనిషి ఆ శుక్రవారం పింఛనులోంచి తప్పుకునే కాగితం మీద సంతకం పెట్టి జాకెట్లో దోపుకుని తిరుగుతోంది. సాయంత్రం నాలుగింటికి జీతాల కిటికీ మూసేలోగా ఇవ్వాలి. ఇచ్చాక మనసు మారినా ఏడాది దాకా మళ్లీ చేర్చుకోరు.

ఇదంతా మరిది పుణ్యం. మూడు నెలలుగా టీ గదిలో ఆయన పాఠం ఒకటే.

"పింఛను కోత చూస్తే పన్ను కోతకి ఆకలేస్తుంది, వదినా. అదీ రహస్యం. నేను ఆ పింఛను గొడవలో చేరనేలేదు. పైగా పన్నుల ఆఫీసుకి ఒక ఉత్తరం పడేశాను. పెద్దాయన చదివి చెమటలు తుడుచుకున్నాడట. ఇదిగో చూడు ఫలితం."

చొక్కా జేబులోంచి చీటీ తీసేవాడు. అది చిన్నగా మడిచి, పిన్ను కొట్టి, పైకి పేరూ పన్నూ మాత్రమే కనబడేలా ఉండేది. పన్ను మూడువందల నలభై. ఇద్దరి జీతమూ మూడు వేలే. ఆమెకి మాత్రం మూడువందల డెబ్బై కోస్తున్నారు. ఆ ముప్ఫై తేడా మడతలక్క కంట్లో నలుసులా పడింది. వ్యాన్ డ్రైవరు కూడా సంతకం పెట్టేసి, ఎవరైనా ముందు నడిస్తే వెనక నడుద్దామని కూర్చున్నాడు.

"ఆ చీటీ ఇటివ్వు. నీకంత తక్కువెందుకో జీతాలామె మొహం మీదే అడుగుతాను," అంది మడతలక్క.

"తీసుకెళ్లు. ఆమెకీ కాస్త జ్ఞానం వస్తుంది," అని దానం చేసినట్టు ఇచ్చాడు.

జీతాల కిటికీ వెనక కూర్చునే ఆవిడకి మనుషుల మీద పెద్దగా ఆశలేవీ మిగల్లేదు. మడతలక్క చేతిలో కాగితం చూసి నిట్టూర్చింది.

"నువ్వు కూడానా అమ్మా. ఆ మహానుభావుడి ఉపన్యాసం విన్నావా?"

"విన్నాను. ఇదిగో ఆయన చీటీ. నాకు మూడువందల డెబ్బై, ఆయనకి మూడువందల నలభై. ఎందుకు?"

"ఇంకొకళ్ల చీటీ నేను చూపించకూడదు, చూసి చెప్పకూడదు. నీది చెబుతా, విను. మూడు వేలలోంచి నీ పింఛను నూటయాభై ముందుగా పక్కకి తీస్తాం. పన్ను వాళ్ల కంటికి ఆనేది మిగతా రెండువేల ఎనిమిదివందల యాభయ్యే. అందులో వెయ్యికి పన్ను లేదు. మిగిలినదాంట్లో అయిదో వంతు, మూడువందల డెబ్బై."

"నేను మానేస్తే?"

"మూడు వేలూ కంటబడతాయి. నాలుగువందలు కోస్తారు."

మడతలక్క చేతివేళ్లు కదిలాయి. "అంటే నూటయాభై మిగిలిందని సంబరపడేలోగా అందులో ముప్ఫై పన్ను లాక్కుపోతుంది."

"నీ చేతికొచ్చేది నూటఇరవై. దానికోసం నీ నూటయాభయ్యీ, దానికి జతగా యజమాని వేసే నూటయాభయ్యీ వదులుకుంటావు. ఇంత బేరం తెలిసినవాళ్లు మడతల బల్ల దగ్గర ఎందుకున్నారో నాకు తెలీదు."

"రేపు పింఛను తీసుకునేటప్పుడు పన్నుండదా?"

"ఉంటే ఉంటుంది, అప్పుడొచ్చే దాని మీద. జీతం ఆగిపోయాక వచ్చేది తక్కువ, కోసేదీ తక్కువ."

మడతలక్క పక్కకి జరిగి, మరిది చీటీ పిన్ను తీసింది. మొదటి మడత విప్పగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. మూల లోపలికి తోసి, అంచుని గోటితో నొక్కిన మడత అది. మరిది జన్మలో అలా మడవలేడు. దాన్ని ఆమె ఒక్కరికే నేర్పింది. ఆ మనిషి తన తోడికోడలు, మరిది భార్య.

మిగతా మడతలు విప్పింది. పింఛను కోత, మూడువందలు. పన్ను, మూడువందల నలభై. చేతికి, రెండువేల మూడువందల అరవై.

ఆమె చదివింది, మళ్లీ చదివింది. పింఛనులో చేరనేలేదని ఛాతీ విరుచుకునే మనిషి ఆమెకి రెట్టింపు వాటా కడుతున్నాడు. అందుకే పన్ను వాళ్లకి ఆయన జీతం ఇంకా చిన్నదిగా కనబడుతోంది. ఏ ఉత్తరానికీ ఏ పెద్దాయనకీ చెమట పట్టలేదు. పైగా నెలకి ఆమెకంటే నూటఇరవై తక్కువే ఇంటికెళుతోంది. అదీ ఆయనకి తెలియదు. బ్యాంకు కార్డు తోడికోడలి దగ్గర ఉంటుంది.

మడతలక్క బయట మెట్ల మీద నిలబడి తోడికోడలికి ఫోను చేసింది.

"మరిది పింఛను కాగితం ఎవరు నింపారమ్మా?"

"ఆయనే సంతకం పెట్టారక్కా. చదవమంటే, ఇలాంటి చిల్లర కాగితాలు చదివే తీరిక నాకు లేదన్నారు. సరే అని నేనే పది శాతం దగ్గర గీత పెట్టాను. ఆరేళ్లయింది."

"మరి ఈ మడత?"

"ఆయనకి ఎలాగూ నలుగురికి ఏదో ఒకటి చూపించాలి కదా. చూపించదగ్గ ముక్క పైకి పెట్టి ఇస్తున్నాను." గొంతు తగ్గించింది. "చెప్పేశావా అక్కా? తెలిస్తే పరువు కోసమైనా వెంటనే తప్పుకుంటారు."

"పిచ్చిదానా," అంది మడతలక్క. "దుప్పటి విప్పినట్టు ఎప్పుడైనా తెలిసిందా?"

కిటికీ దగ్గరకి తిరిగొచ్చి తన కాగితాన్ని అడ్డంగా, నిలువుగా చింపింది. "ఎక్కువ వాటాకి వేరే కాగితం ఉందా?" అని అడిగింది. జీతాలావిడ తలెత్తి చూసి, మొదటిసారి కుర్చీలోంచి లేచి ఇచ్చింది. మడతలక్క అయిదు దగ్గరున్న వాటాని పదికి మార్చి సంతకం పెట్టింది. చేతికి ఇంకో నూటఇరవై తగ్గుతుంది. మోకాలు ఆ లెక్కకి ఒప్పుకుంది.

తర్వాత మరిది చీటీని అదే మడతల్లో మడిచి, మూల తోసి, గోటితో నొక్కి, పాత చిల్లుల్లోంచే పిన్ను గుచ్చింది.

టీ గదిలో మరిది పన్నుల పెద్దాయన్ని కుర్చీలోంచి లేపి నిలబెట్టే ఘట్టంలో ఉన్నాడు. డ్రైవరు నోరు తెరుచుకుని వింటున్నాడు.

"తమ్ముడూ, నీ కాగితం ఇచ్చే ముందు కిటికీ దగ్గర ఒక్క మాట అడుగు," అంది మడతలక్క. "నూటయాభై మానేస్తే చేతికెంతొస్తుందో చెప్పమను. వెళ్లు, ఇంకా పావుగంటుంది."

డ్రైవరు ఆమె మొహం చూసి లేచి వెళ్లాడు.

"జీతాలామె ఏమంది వదినా?"

"నీలాంటి మనిషిని ఈ లాండ్రీలో ఇంకొకణ్ణి చూడలేదంది."

"మరి నువ్వు కాగితం ఇచ్చేశావా?"

"లేదు. నీ అంత బుర్ర నాకెక్కడిది. ఉన్నదాంట్లోనే ఉంటాను."

మరిది జాలిగా తలాడించాడు. ఆయన జాలిని భరించడం మోకాలి నొప్పికంటే కష్టమే. అయినా ఆరేళ్లు భరించొచ్చు. చీటీ అందుకుని, జేబులో పెట్టుకుని, పైనుంచి రెండుసార్లు తట్టాడు.

"ఏం చేస్తాం వదినా. కిటుకంతా ఈ మడతలో ఉంది."

జీవితం మొత్తంలో ఆయన చెప్పిన నిజం అదొక్కటే. ఆ సంగతీ ఆయనకి తెలియదు.