గోడలో కొక్కెం

అక్క ఆపరేషన్ అయి కోలుకునేదాకా, ఆమె కూతురు పిన్ని ఇంట్లో ఉండాలన్నది ఏర్పాటు. ఆరేళ్ల పిల్ల. అందరూ గువ్వ అంటారు. చంకలో దిండుతో, చెప్పులు అటుదిటూ ఇటుదటూ తొడుక్కుని వచ్చింది. "జాగ్రత్తే" అని మాత్రం అంది అక్క, ఫోన్‌లో. పిన్నికి ఆ మాట గుండెల మీద కుంపటి అయింది. ఆమెకు పిల్లలు లేరు. పిల్లలు ఎలా పడతారో, ఎలా లేస్తారో తెలియదు.

ఇంట్లో ఉన్నది ఒకటే పడగ్గది. మంచం, బీరువా, కిటికీ దగ్గర కుట్టుమిషన్ పోగా, మనిషి పక్కకు తిరిగి నడవాలి. కింద పరుపు వేస్తే తలుపు తెరుచుకోదు, పైగా నేలంతా చెమ్మ.

"నేల మీద చోటు లేకపోతేనేం? గాల్లో బోలెడుంది" అన్నాడు బేకరీలో పనిచేసే ఆమె భర్త.

నవ్వుతూ అన్నా ఆ మాట ఆమెకు పట్టుకుంది. లారీలకు టార్పాలిన్లు కుట్టే షాపులో ఆమెది పని. ఓనరునడిగి మందపాటి గుడ్డముక్క తెచ్చుకుని, అంచులు రెట్టించి కుట్టి, పిల్ల దొర్లకుండా పక్కలు ఎత్తుగా లేపి ఉయ్యాల మంచం తయారుచేసింది. కాళ్లవైపు తాడు బీరువా పైన గోడకు బిగించారు. తలవైపు తాడుకి కుట్టుమిషన్ పైన గోడలో కొక్కెం కొట్టారు. తీరా చూస్తే తలుపు తీసినప్పుడల్లా అది ఉయ్యాలకు కొట్టుకుంటోంది. కొక్కేన్ని జానెడు పక్కకు జరపక తప్పలేదు.

"ఇక్కడ గోడ డొల్లగా మోగుతోందండీ."

"నీకు పిల్లొచ్చిన దగ్గర్నుంచీ అన్నీ డొల్లగానే వినిపిస్తున్నాయి" అని, అతను తానే ఎక్కి పడుకున్నాడు. ఊగాడు. గోడ కిక్కురుమనలేదు. "చూశావా? బస్తాలాంటి నన్నే మోసింది, పిచ్చికంత పిల్లని మోయదా?"

గువ్వ సంబరం ఇంతా అంతా కాదు. పిన్ని మాత్రం గదిలోకి వచ్చినప్పుడల్లా ముందు కొక్కెం వంక చూసేది. స్టూలెక్కి తడిమేది.

"నీ చూపుకే ఊడేట్టుంది" అనేవాడు అతను.

ఒక మధ్యాహ్నం అతను పనిలో ఉన్నాడు. జలుబు చేసి బడికి వెళ్లని గువ్వ ఉయ్యాలలో నిద్రపోతోంది. పిన్ని పాత దుప్పటి అంచు కుట్టుకుంటోంది. నల్లటి మిషన్ మీద తెల్లటి పొడి రాలింది. చేత్తో తుడిచింది. మళ్లీ రాలింది.

తలెత్తి చూసింది. నిటారుగా ఉండాల్సిన కొక్కెం కిందికి వాలి ఉంది. దాని చుట్టూ గోడ నోరు తెరిచింది.

పిల్లను ఎత్తుకుందామంటే, ఎత్తైన ఆ అంచును కిందికి లాగాలి. లాగితే ఆ బరువూ కొక్కెం మీదే పడుతుంది. అది ఊడితే పిల్ల తల సూటిగా మిషన్ ఇనుము మీదికి. ఆలోచించే వ్యవధి లేదు. కుర్చీ నెట్టేసి, ఉయ్యాల కింద దూరి, గుడ్డనీ గుడ్డలోని పిల్లనీ వీపు మీదకు ఎత్తుకుంది.

"పిన్నీ, ఎందుకు పైకి లేపుతున్నావు?" నిద్రగొంతుతో అడిగింది గువ్వ.

"ఏం లేదమ్మా. ఊరికే ఒక ఆట. నువ్వు మెల్లగా మంచం మీదకి దిగు."

"నాకు రాదు. రోజూ బాబాయే కదా దింపేది."

పెచ్చు ఒకటి పిన్ని మెడ మీద పడింది. అరవాలనిపించింది. అరిస్తే పిల్ల బెదిరి కదులుతుంది. పక్కింటివాళ్లు వచ్చినా గడియ లోపల ఉంది. మిషన్ అంచు రెండు చేతులా పట్టుకుని నిలదొక్కుకుంది. తాను కూలిపోతే అక్కకు ఏ మొహంతో ఏం చెప్పాలి?

"నా భుజం కనిపిస్తోందా? దాని మీద కాలు పెట్టు."

"నీకు నొప్పెడుతుంది."

"పెట్టదు తల్లీ, పెట్టు."

చిన్న పాదం తడుముకుంటూ భుజం మీదికి వచ్చింది. వెచ్చగా ఉంది. రెండో కాలు వచ్చింది. గువ్వ ఆమె జుట్టు గుప్పెట పట్టుకుని, మెడకు వేలాడి, మంచం మీదకు జారింది. పిన్ని బయటికి దూకింది. ఆ వెంటనే కొక్కెం, గుప్పెడు గోడా కలిసి మిషన్ మీద పడ్డాయి. సూది విరిగింది.

పిల్లను చంకనేసుకుని వరండాలోకి వచ్చి కూలబడింది.

"దుప్పటి కింద పడింది, తేనా?" అంది గువ్వ.

"వద్దు!" అని కేకేసింది పిన్ని. ఆ కేకకు పిల్ల ఏడ్చింది. ఆమె కూడా ఏడ్చింది.

సాయంత్రం భర్త వచ్చి స్క్రూడ్రైవర్‌తో గోడ గీరాడు. ఎప్పుడో అక్కడున్న ఇంకో కిటికీని మూసేసి, చెక్కలు అడ్డం పెట్టి, పైన సిమెంటు పూశారు. చెక్కలన్నీ చెదలు. అతను ఆ మట్టి అరచేతిలోకి తీసుకుని మంచం మీద కూర్చుండిపోయాడు.

"నువ్వు చెప్పావు. నేనే వినలేదు" అన్నాడు.

ఆమె దెప్పలేదు. దెప్పడానికి ఓపిక ఉండాలిగా.

వెల్డింగు షాపులో ఇనుప గొట్టాలతో ఉయ్యాల కట్టడానికి నేల మీద నిలబడే చట్రం చేయించాడు. ఇప్పుడు తలుపు సగమే తెరుచుకుంటోంది, అతను పొట్ట బిగబట్టి లోపలికొస్తున్నాడు. అయినా పిల్లను ఎక్కించడానికి పిన్ని ఒప్పుకోలేదు. గువ్వ అలిగి అన్నం మానేశాకే, మిషన్‌ను వంటింట్లోకి జరిపించి, నేలంతా దిండ్లు పరిచి ఎక్కనిచ్చింది.

ఆ ఆదివారం అక్క ఫోన్ చేసింది. ఎలా చెప్పాలా అని పిన్ని తడబడుతుంటే గువ్వ ఫోన్ లాక్కుంది.

"అమ్మా, నేను పిన్ని మీద నుంచి దిగాను! గోడ పడిపోయింది!"

"ఫోన్ పిన్నికియ్యి" అంది అక్క.

పిన్ని ఫోన్ అందుకుంది. రెండో చెయ్యి మాత్రం ఉయ్యాల తాడును వదల్లేదు.

"చెప్తానక్కా, అంతా చెప్తాను. ముందు నువ్వు కూర్చో" అంది.