బీరప్పకు విడిచిన పొట్టేలు

పట్నం చూడాలన్న కోరిక నాకు ఏనాడూ లేదు. అది శంకరప్పకు పుట్టింది. శంకరప్ప నన్ను కట్టుకున్నవాడు. పట్నం వెళ్లొచ్చిన నాటి నుంచి అతన్ని మొగుడనడం మానేసి పేరుతోనే పిలుస్తున్నాను.

అంతకు నెల ముందు మా పొట్టేలు పోయింది. మాది కోట్‌పల్లి దగ్గర గొర్ల మంద. బిడ్డ హన్మమ్మకు ఒళ్లంతా అమ్మవారు పోసి కళ్లు తెరవనప్పుడు, ఒక పొట్టేలును మా కులదేవుడు బీరప్పకు మొక్కి విడిచాను. అట్లా విడిచిన జీవానికి కత్తెర పెట్టం, దాన్ని అమ్మం. జాతర నాడు దేవుని ముందుకే తోలుకుపోతాం. తల్లి చచ్చిన పిల్ల అది. మేకపాలు తాపి పెంచాను.

బిడ్డ లేచి తిరిగింది. పొట్టేలు మాత్రం ఒక సాయంత్రం మందతో తిరిగి రాలేదు.

“అనంతగిరి అడవిల తోడేలు ఎత్కపోయింది” అన్నాడు శంకరప్ప.

నేను నమ్మలేదు. అప్పుడు భుజం మీది గొంగడి తీసి నేల మీద పరిచి, దాని మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. మా కురుమోళ్లలో గొంగడి మీద చెయ్యి పెట్టాక ఇంకెవరూ నోరెత్తరు. నేనూ ఎత్తలేదు. కానీ బిడ్డ దగ్గిన ప్రతిసారీ, మొక్కు తీరలేదని నా ప్రాణం కొట్టుకునేది. అతనితో మాట తగ్గించాను.

“ఎన్నాళ్లు మొఖం ముడుచుకుంటవే? హైదరాబాదు గిప్పుడు ఆంధ్రోళ్లకు గూడ రాజధాని అయింది. జర చూసొద్దాం పా” అన్నాడు. వికారాబాదులో రైలెక్కించాడు.

నాంపల్లిలో దిగగానే అన్ని భాషలూ ఒక్కసారే మీద పడ్డాయి. ఒకడు ఉర్దూలో అదిలించాడు. ఒకావిడ మరాఠీలో ఏదో గొణిగింది. కోస్తా నుంచి వచ్చిన గుమాస్తా ఒకడు గొంగడి వాసనకు ముక్కు మూసుకున్నాడు. మా తాండూరు సంతలో వినిపించే కన్నడం కూడా చెవిన పడింది. ఎవరు ఏ భాష మాట్లాడినా తోసెయ్యడం మాత్రం అందరిదీ ఒకటే.

శంకరప్ప ఎన్నడూ లేనిది చెయ్యి విప్పాడు. ఇరానీ హోటల్లో చాయ్ తాపించాడు, బిస్కెట్లు తినిపించాడు. జంతువుల్ని పెట్టిన తోటకు తీసుకుపోయి బోనులో ఉన్న పులిని చూపించాడు. గొర్రెల్ని తినే జంతువును పనిమాలా వచ్చి చూసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండింది. పత్తర్‌గట్టీ బజారులో నాకొక ఎర్ర చీర కొన్నాడు. వద్దన్నా చంకలో పెట్టాడు. ఇంత మంచితనం ఈ మనిషిలో ఎక్కడ దాగిందా అనుకున్నాను.

చార్మినార్ దాటాక ఖాళీ జాగాలో బక్రీదు కోసం తెచ్చిన పొట్టేళ్లు కనిపించాయి. వాటిని చూడగానే శంకరప్ప నా చెయ్యి పట్టి ఇంకో పక్కకు లాగాడు.

“గాజులు గిటు ఉన్నయి, నడువు.”

నేను నడవబోయాను. అంతలో కొన్ని జీవాలు తాడు తెంచుకుని రోడ్డు మీదికి వచ్చాయి. ఎదురుగా బస్సు వస్తోంది. పట్నంలో ఉన్నానన్న సంగతే మరిచిపోయి, మందను అడవి నుంచి మళ్లించే కేక పెట్టాను. మా ఇళ్లలో ఎవరి కేక వారిదే. పాలు తాపి పెంచిన జీవం ఆ కేకకే తిరుగుతుంది.

బస్సు ఆగింది. జీవాలన్నీ బెదిరి చెదిరాయి. ఒక్కటి మాత్రం నేరుగా వచ్చి నా చీర కుచ్చెళ్లలో తల పెట్టింది. గుర్తు కోసం చెవికి నేను పెట్టిన గాటు అట్లాగే ఉంది.

ఆ జీవాల్ని అమ్మే బేపారి పరుగెత్తుకొచ్చాడు. “అమ్మా, జానవర్ నాది! గీ శంకరప్పనే తాండూరు సంతల అమ్మిండు. అడుగుండ్రి!”

శంకరప్ప తల వంచుకున్నాడు. రైలు, చాయ్, బిస్కెట్లు, చంకలోని చీర, అన్నీ నా బిడ్డ మొక్కు అమ్మి తెచ్చినవే. చీరను అతని మొహాన కొట్టాను.

“తప్పయింది బీరమ్మా, లోకం ముంగట ఇజ్జత్ తియ్యకు” అన్నాడు.

“దేవుని ఇజ్జత్ తీసినప్పుడు యాదికి రాలేదా?”

కాళ్ల కడియాలు ఊడదీసి బేపారి చేతిలో పెట్టాను. అవి మా అమ్మ పెట్టినవి. అతను వాటినీ పొట్టేలునూ నన్నూ మార్చి మార్చి చూసి, తాడు నా చేతికిచ్చాడు. తర్వాత శంకరప్ప భుజం మీది గొంగడి లాగి పొట్టేలు మీద కప్పాను. జనం మధ్య బోడి భుజాలతో నిలబడ్డాడు.

“గొంగడి లేకుంట కులపోళ్ల మధ్యకు నేనెట్ల రావాలె?” అన్నాడు, ఏడుపు గొంతుతో.

“ఎందుకొస్తవు? రాజధాని చూద్దామంటివి గద. మంచిగ చూడు” అని పొట్టేలును పట్టుకుని ఊరి దారి పట్టాను.