అనూరాధ కార్తెలో పెన్న

మా తమ్ముడు ఉలిగప్పకు నా భయాలంటే నవ్వు. ఆ ఉదయం కూడా నవ్వుతూనే గొర్రెల్ని ఏటికి తోలే పనిలో పడ్డాడు.

మా ఊరు పెనుకొండకు పడమరగా, పెన్న గట్టున ఉంది. ఏరని పేరే గాని ఎక్కువ కాలం అది ఇసుకే. ఆ ఇసుక నడుమ ఒక మిట్ట. దాని మీద ఓబుళప్ప టమాటా పెడతాడు. నాటే ముందు నేలకు ఎరువు పడాలని, కొన్నాళ్ళు అక్కడ మంద కట్టమని తమ్ముణ్ణి అడిగాడు.

"ఈసారి మిట్ట మీద వద్దురా. గట్టు మీద కట్టు," అన్నాను.

"అనూరాధ కార్తెలో, చలి మొదలైనాక, ఏరొచ్చేది యాడన్నా చూసినావా అక్కా?"

"వానలు ముందు మాదిరి లేవంట. నెలంతా పడేది ఒక్క పూటలో కుమ్మరిస్తాండాదంట. పేపర్లో రాసినారు."

"ఆ పేపరోడు వచ్చి నా గొర్రెల్ని కాస్తాడా? చదవడం ఎవరు నేర్పినారో గాని, నాకు నిద్ర లేకుండా చేస్తాండావు."

ఎవరూ నేర్పలేదు. అంగట్లో పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి నేనే నేర్చుకున్నాను. అయినా నా భయం కాగితంలోంచి వచ్చింది కాదు. నా మొగుడు ఒక పొద్దున హిందూపురం సంతకు పోతూ, నీళ్ళ చెంబు నా చేతికిచ్చి, నవ్వి, వీధి మలుపు తిరిగాడు. మళ్ళీ ఆ మలుపులో నాకు కనబడలేదు. కూతురు శ్రీదేవిని ధర్మవరం బస్సెక్కించినా, ఆ బస్సు దుమ్ము అణిగేదాకా నా కాళ్ళు కదలవు.

ఆ వారంలో పుట్టిన గొర్రెపిల్లలు కొన్ని ఉన్నాయి. మంద ఎక్కడ కడితే వాటినీ అక్కడికే మోసుకుపోయి గంపల కింద మూసి ఉంచుతారు. తల్లులు మేసి వచ్చి పాలిస్తాయి. తమ్ముడు టీ తాగడానికి పోయిన సందు చూసి, నేను ఆ పిల్లలన్నిటినీ మా వసారాలో చేర్చి గంపలు బోర్లించాను. పెద్దవాళ్ళను ఎలాగూ ఆపలేను, వీటినైనా ఆపుదామని.

తిరిగొచ్చి చూసి మండిపడ్డాడు. "పాలు నువ్విస్తావా?"

"మంచులో నీలుక్కుపోతాయి. ఈడనే ఉండనీ. పొద్దుగూకితే తల్లుల్ని తోలుకురా."

"ఈ మనిషితో వాదించేదానికన్నా గొర్రెతో వాదించేది మేలు," అంటూ పోయాడు. తల్లిగొర్రెలు వెనక్కి వెనక్కి తిరిగాయి. కర్ర ఝళిపించి మరీ తోలాల్సి వచ్చింది.

పొద్దు నడినెత్తి దాటాక హిందూపురం నుంచి చెల్లెలు హేమావతి ఫోన్ చేసింది. "అక్కా, నిన్నట్నుంచి ఈడ ఒకటే వాన. పెన్న గట్టుకు గట్టు పారతాండాది. పిల్లోళ్ళు వీడియోలు తీస్తాండారు. అన్న యాడుండాడు?"

తమ్ముడికి ఫోన్ కలిపాను. మా గూట్లోనే మోగింది. చార్జింగ్‌కు పెట్టి మరిచిపోయాడు.

బయట కళ్ళు చెదిరే ఎండ. మబ్బు తునక లేదు. చెప్పులు ఏ కాలివి ఏ కాలికి వేశానో తెలియదు. టీ అంగడి దగ్గర ఓబుళప్ప కనబడ్డాడు.

"ఏమక్కా, గొడుగు తేలేదే?" పక్కనున్నవాళ్ళు నవ్వారు.

"హిందూపురంలో ఏరొచ్చిందంట. నీ మిట్ట మీదనే కదప్పా మావాడుండేది!"

"పైన చెరువులు నిండాల, మరువల మీద నీళ్ళు పొర్లాల, ఆ పైన కదా మనకొచ్చేది? వారం పడతాది."

"చెరువు పట్టేదానికన్నా ఎక్కువ ఒక్క రోజే పడితే?"

ఓబుళప్ప నవ్వు ఆగింది. టీ గ్లాసు పెట్టేసి నా వెంట నడిచాడు.

గట్టు ఇంకా కొంత దూరం ఉండగానే గంటల చప్పుడు వినిపించింది. ముందు తల్లిగొర్రెలు, పాలతో బిగిసిన పొదుగులు ఊగిపోతుంటే అరుస్తూ పరుగెత్తి వస్తున్నాయి. వాటి వెనక మందంతా. అందరికన్నా వెనక మా తమ్ముడు, తలగుడ్డ ఊడిపోయి, నన్నే తిడుతూ.

"అక్కా! నువ్వు చేసిన పనికి ఒక్కటి మేత ముట్టలా! కంచె దాటి పరుగు తీస్తాండాయి. మళ్ళీ ఈ పొద్దు..."

మాట పూర్తి కాలేదు. ఏటి పైభాగం నుంచి లారీల వరుస వస్తున్నట్టు మోత. గట్టు మీదికి పరుగెత్తి చూశాం. ముందు నురుగు, ఎండిన తుమ్మకంప, ఎవరిదో ప్లాస్టిక్ కుర్చీ. ఆ తర్వాత ఎర్రటి నీళ్ళు. చూస్తుండగానే అవి మిట్టను చుట్టేశాయి. తమ్ముడు పాతిన కంచె గుంజలు ఒక్కొక్కటిగా వంగి మునిగాయి.

తమ్ముడు గొర్రెల్ని లెక్కపెట్టలేదు, నన్నే చూశాడు. నేను వాడి చొక్కా అంచు ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు, వదలడానికి వేళ్ళు రాలేదు.

"వదులక్కా, చినుగుతాది," అన్నాడు. వదిలి, ఓబుళప్ప వైపు తిరిగాను. "ఏమప్పా, గొడుగు కావాల్నా?"

"నాకు పడవ కావాల," అన్నాడు ఓబుళప్ప. ముగ్గురికీ పిచ్చి నవ్వు వచ్చింది.

వసారాలో గంపలు ఎత్తగానే పిల్లలు తల్లుల కిందికి దూరాయి. ఏ తల్లీ తడబడలేదు. వాసన చూసి తన పిల్లను పట్టుకుంది. తోకలు ఆడిస్తూ గుటగుటమని అవి తాగుతుంటే, తమ్ముడు గడప మీద కూలబడి మంచినీళ్ళు అడిగాడు.

"రేపు మంద యాడ కట్టల్ల?" అన్నాడు చెంబు దించి.

"మన పెరట్లో."

తల ఊపి, చెంబులో మిగిలిన నీళ్ళు తాగాడు.

హేమావతి మళ్ళీ ఫోన్ చేసింది. "అక్కా, మీకూ వచ్చిందా?"

"వచ్చిందే," అన్నాను. "దానికన్నా ముందు మనోడొచ్చినాడు."