బెంటన్‌విల్‌లో సెంటర్ ఎక్కడ?

మా నాన్నకి ఏ ఊరు వెళ్ళినా ముందు ఆ ఊరి సెంటర్ చూడాలి. గుడీ గోపురం, చర్చీ చెరువూ అన్నీ ఆ తర్వాతే. అమెరికాలో మేముండే బెంటన్‌విల్‌లో దిగిన మర్నాడే, ఇంకా నిద్ర తీరని కళ్ళతో కాఫీ తాగుతూ అడిగాడు.

"పర్సీ, ఈ ఊరికి సెంటర్ ఎక్కడమ్మా?"

డౌన్‌టౌన్ స్క్వేర్‌కి తీసుకెళ్ళాను. పచ్చిక, బెంచీలు, చుట్టూ కాఫీ షాపులు. నాన్న చేతులు వెనక్కి కట్టుకొని ఒక మూల చాలాసేపు నిలబడ్డాడు.

"ముచ్చటగానే ఉంది గానీ ఇది సెంటర్ కాదమ్మా. ఏమీ కొనకుండా ఊరికే నిలబడితే, ఎవడో ఒకడు వచ్చి 'ఏంటి సుందర్ రాజూ, ఏంటి సంగతులు' అనాలి. అప్పుడది సెంటర్."

నాన్న చీరాల టెలిఫోన్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. సాయంత్రమైతే గడియార స్తంభం సెంటర్లో నిలబడకపోతే ఆయనకి అన్నం సయించదు. మాకు అద్దె ఇల్లు, అక్కకి పెళ్ళి సంబంధం, మంచి తాపీమేస్త్రీ, అన్నీ అక్కడే దొరికాయి. ఈ ఊరు ప్రపంచంలోనే రిటైల్‌కి పెద్ద హబ్ అని నేను గొప్పగా చెప్పాను.

"హబ్ అయితే మనుషులేరీ?" అన్నాడు.

"కార్లలో ఉన్నారు నాన్నా," అన్నాను.

నాన్న వచ్చిన కొన్నాళ్ళకే నేను చేస్తున్న సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కాంట్రాక్ట్ ఆపేశారు. రెండు నెలల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే వీసా పోతుంది, ఇల్లు సర్దుకొని వెళ్ళిపోవాలి. నా భర్త మణి నా వీసా మీదే ఉన్నాడు, అతనికి పనిచేసే వీల్లేదు. మా అబ్బాయి ఎవాన్ ఒకటో తరగతిలో ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నాడు. నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు.

అయినా బయటికి పొక్కనివ్వలేదు. మా వాళ్ళలో ఉద్యోగం పోవడమంటే, పోయిన మనిషి తప్ప అందరూ మాట్లాడుకునే విషయం. ఆదివారం తెలుగు చర్చిలో ప్రార్థన మనవులు అడిగితే 'ఒక వ్యక్తిగత అవసరం' అని ఊరుకున్నాను. దేవుడికి అర్థమవుతుంది. పాస్టరమ్మగారికి అర్థం కాకూడదు.

స్కూల్ బస్సు మా అపార్ట్‌మెంట్ల దగ్గర, మెయిల్‌బాక్సుల పక్కన ఆగుతుంది. ఎవాన్‌ని తీసుకురావడం నాన్న పని. ఉన్నట్టుండి ఆయన బస్సుకి ఇంకా బోలెడు టైముండగానే చెప్పులేసుకోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"దొరికిందమ్మా! తాతలం, అమ్మమ్మలం, అందరం అక్కడే. కానీ పేరు దగ్గరే పేచీ వచ్చింది. నేను సెంటర్ అంటే విజయనగరం మీనాక్షిగారు కాదు జంక్షన్ అంటారు. అనంతపురం ఆయన సర్కిల్ అంటాడు. కరీంనగర్ దత్తాత్రేయగారు చౌరస్తా అన్నాడు, మళ్ళీ ఆయనే నాలుగు దార్లు లేవుగా అని వెనక్కి తీసుకున్నాడు. కూడలి అంటే పుస్తకాల మాటని అందరూ నవ్వారు. ఒక్క తెలుగుకి ఇన్నెందుకమ్మా?"

నాకూ తెలియలేదు. ఉద్యోగాల వెతుకులాట పక్కన పెట్టి, ఆ సాయంత్రమంతా ఇద్దరం ఊరి పేర్లు చెప్పుకుంటూ, ఎక్కడ ఏమంటారో లెక్కలేసుకున్నాం. అన్ని రోజుల్లో నేను హాయిగా నవ్వింది అప్పుడే.

ఆ నవ్వు మర్నాడు బస్సు వేళదాకానే నిలిచింది. మీనాక్షిగారి కోడలు స్రవంతి ఫోన్ చేసింది.

"అక్కా, ఇప్పుడే తెలిసింది. రెజ్యూమే పంపు, మా టీమ్‌లో అడుగుతాను."

ఒళ్ళు మండిపోయింది. ఉన్న బట్టల్తోనే కిందికి దిగాను. మెయిల్‌బాక్సుల దగ్గర నాన్న అందరి మధ్యా నిలబడి చేతులూపుతూ మాట్లాడుతున్నాడు.

"నాన్నా, నా పరువు తీయడానికేనా ఇంత దూరం వచ్చింది?"

నాన్న ఏ మాత్రం తగ్గలేదు.

"కష్టం సెంటర్లో చెప్పుకోకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా? తెలియకపోతే ఎవరు సాయం వస్తారు? గోడలొస్తాయా?"

"ఇది చీరాల కాదు!"

దత్తాత్రేయగారు నెమ్మదిగా నాకూ నాన్నకీ మధ్యకొచ్చాడు.

"బిడ్డా, నాయన మీద గుస్స చేయకు. ఆయన చెప్పినంకనే నాకు నోరు లేసింది. మా కొడుకు రవికాంత్‌కు సుత నౌకరి పోయింది. రోజు పొద్దుగాల బ్యాగ్ ఏసుకొని కార్ల పోతడు, పోయి లైబ్రరీల కూసుంటడు. నాకు తెల్వదనుకుంటుండు."

రవికాంత్ మా పై అంతస్తులోనే ఉంటాడు. రోజూ పార్కింగ్‌లో కనిపిస్తాడు. నేను ఆఫీసుకి వెళ్తున్నట్టు చెయ్యి ఊపేదాన్ని, అతనూ అలాగే ఊపేవాడు. ఇద్దరం ఎంత బాగా నటించామో! కోపం ఎటు పోయిందో పోయింది.

దత్తాత్రేయగారు ఇంటికెళ్ళి కొడుకుతో ఏం మాట్లాడాడో తెలియదు. మర్నాడు బస్సు వేళకి రవికాంత్ అక్కడికి వచ్చాడు. నలుగురికీ దూరంగా, కారు తాళాలు వేళ్ళ మధ్య తిప్పుకుంటూ నిలబడ్డాడు. పెద్దవాళ్ళందరూ పనిగట్టుకొని వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు. నేనే దగ్గరికి వెళ్ళాను.

"రవికాంత్ గారూ, నా ఉద్యోగం పోయింది," అన్నాను. ఆ మాట నా నోటితో బయటివాళ్ళకి చెప్పడం అదే మొదటిసారి.

అతను తల దించుకున్నాడు. "నాదీ పోయిందండీ. నాకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి వీసా టెన్షన్ లేదు, పరువు టెన్షనే." మళ్ళీ అతనే అడిగాడు. "మీరు టెస్టింగ్ కదా?"

"అవును."

"అల్ఫారెట్టా అని వేరే ఊళ్ళో మా పాత మేనేజర్ టెస్టింగ్ వాళ్ళ కోసం నెల నుంచి అడుగుతున్నాడు. ఇంటి నుంచే పని. మీరు సెటిల్డ్‌గా ఉన్నారు కదా, మీకెందుకులే అనుకున్నాను."

నెల నుంచి! ఆ నెలలో నేను ఎన్ని రాత్రులు సీలింగ్ చూస్తూ పడుకున్నానో, ఎన్నిసార్లు ఇతనికి చెయ్యి ఊపానో. నవ్వాలో ఏడవాలో తెలియక అక్కడే నవ్వాను, అక్కడే ఏడ్చాను. అతను ఆ క్షణమే ఫోన్ తీసి మేనేజర్‌కి కలిపాడు.

గడువు తీరకముందే ఆ ఉద్యోగం నాకు వచ్చింది. స్రవంతి తన టీమ్‌లో అడిగి చూసింది గానీ రవికాంత్‌కి ఇంకా ఏదీ కుదరలేదు. అందుకని ఇప్పుడు మీటింగులు సర్దుకొని బస్సు రాకముందే నేనూ కిందికి దిగుతున్నాను. అక్కడ కొత్త మొహం కనపడితే చాలు, పేరు కూడా అడగకుండా రవికాంత్‌ని భుజం పట్టి ముందుకు తోసి, "ఈయన డేటాబేస్ చేస్తారండీ, ఉద్యోగం పోయింది, మీకు తెలిసినచోట ఏమైనా ఉందా?" అని గట్టిగా అడుగుతున్నాను.