రెండో చెయ్యి

మా అత్తమ్మ భూదేవికీ నాకూ పడదని సూరత్‌లో మా గల్లీ మొత్తానికి తెలుసు. సలాబత్‌పురా గోదాములో ఇరవై ఏళ్లుగా ఆమె గుడ్డ తనిఖీ చేస్తోంది. మరమగ్గం మీద నుంచి వచ్చిన ప్రతి తాకానీ, అంటే గుడ్డ చుట్టనీ, అరచేత్తో తడిమి పోగు ఎక్కడ తెగిందో చెప్పేస్తుంది. పెళ్లయిన కొత్తలో నాకూ ఆ పని నేర్పబోయి, మూడో రోజుకే "నీ వేళ్లకు కండ్లు లేవే సుమనా" అని తేల్చేసింది. ఆ మాట నేనింకా మరిచిపోలేదు.

అలాంటి మనిషి ఒకరోజు స్నానం చేసి వచ్చి, తలుపు గడియ పెట్టి, "ఎడమ రొమ్ముల గడ్డ తాకుతున్నదే. నొప్పి లేదు, కదుల్త లేదు" అంది.

గల్లీ చివరి క్లినిక్‌కు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు సోనోగ్రఫీ తీయించి, చెయ్యయినా పెట్టకుండా కాగితం చూసి, "నొప్పి లేదంటే భయం లేదు, ఆరు నెలల తర్వాత రండి" అన్నాడు. మా ఆయన శివకృష్ణ సంతోషంతో ఘారీ మిఠాయి పట్టుకొచ్చాడు. అత్తమ్మ ముట్టుకోలేదు.

"ఒక్క చెయ్యి సూసిన తాకా మా గోదాముల పాస్ గాదు బిడ్డా. రెండో చెయ్యి సూడాలె" అంది కొడుకుతో.

"డాక్టర్ కన్న నీకు ఎక్కువ తెల్సా అమ్మా? ఊకె పరేషాన్ గాకు."

ఈ వాదనతోనే రెండు నెలలు గడిచాయి. చనుమొన లోపలికి గుంజుకుపోతోందని ఆమె చెప్పిన రోజు నాకు ఒళ్లు మండింది.

"ఆమె వేళ్లు ఎన్నడన్న తప్పు చెప్పినయా? నువ్వు రాకుంటె మానె, నేను తోల్కవోత" అని మా ఆయన మీద అరిచాను. అత్తమ్మ నన్ను వింతగా చూసింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ హిందీలో అడిగింది, ముందు ఎవరికైనా చూపించారా అని.

"నహీ" అంది అత్తమ్మ టక్కున. నేను నోరు తెరవబోతే తొడ గిల్లింది. పాత కాగితం ఆమె సంచీలోనే ఉంది. మొదటి చెయ్యి ఏమందో రెండో చేతికి తెలియకూడదు. అది గోదాము కట్టుబాటు.

డాక్టరమ్మ పడుకోబెట్టి నిదానంగా తడిమింది. అత్తమ్మ ఆమె మొహం చూడలేదు, వేళ్లనే చూసింది. ఒకచోట ఆ వేళ్లు ఆగాయి. ముందుకు వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ అక్కడే ఆగాయి.

"దొరికింది" అని అత్తమ్మ కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది. అప్పుడు సంచీలోంచి కాగితం తీసింది.

నేను గోదాము సంగతి చెప్పాక డాక్టరమ్మ నవ్వింది కానీ, తిట్టడం మానలేదు. "మీరు గుడ్డ కాదమ్మా, మనిషి. పాత కొలత ఉంటేనే కదా పెరిగిందో లేదో తెలిసేది!" కొత్త సోనోగ్రఫీతో పోల్చి చూస్తే గడ్డ కొంచెం పెరిగింది. నొప్పి లేనంత మాత్రాన నిశ్చింతగా ఉండకూడదని చెప్పి, మామోగ్రఫీ, సూది పరీక్ష రాసింది.

ఎనిమిది రోజులకు క్యాన్సరని తేలింది. మా ఆయన ఆసుపత్రి మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. డాక్టరమ్మే ఆయన్ని లేపింది. "గడ్డ చిన్నగా ఉండగానే వచ్చారు. చంకలోకి పాకినట్టు కనబడటం లేదు. ఆపరేషన్ చేసి, తర్వాత వైద్యం చేస్తే నయమయ్యే అవకాశం చాలా ఉంది. ఆరు నెలలు ఆగి ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్నో లేదో."

ఆపరేషన్‌కు ముందు రోజు మధ్యాహ్నం, వార్డులో, అత్తమ్మ నన్ను తెర లాగమంది. నా చెయ్యి పట్టుకుని గడ్డ మీద పెట్టింది. నేను భయపడి వెనక్కి లాక్కోబోయాను.

"జర ఆగవే. రేపటికి ఇది ఉండదు. నేర్సుకుంటె ఇయ్యాల్నే నేర్సుకోవాలె. రేప్పొద్దుగాల నిన్ను నువ్వే సూసుకోవాలె గద!"

మొదట నాకేమీ తెలియలేదు. ఆమె నా వేళ్లను ఇంకాస్త పక్కకు జరిపింది. మెత్తని చోట, శనగగింజంత, గట్టిగా, కదలకుండా తగిలింది. నాకు ఏడుపు ఆగలేదు.

"దొరికిందా?"

"దొరికింది అత్తమ్మా."

"మల్ల కండ్లు మూస్కోని సూడు."

కళ్లు మూసుకున్నాను. ఈసారి ఆమె సాయం లేకుండానే నా వేళ్లు నేరుగా అక్కడికే వెళ్లి ఆగాయి.

పెళ్లయిన పదకొండేళ్లకు మా అత్తమ్మ నన్ను పాస్ చేసింది.