దురదకు రుజువు

అమెరికాలోని పార్సిప్పనీలో సామాను కొనడం వేరు, దాని కవరు విప్పడం వేరు. మొదటిదానికి దివాకర్ ఎప్పుడూ వెనకాడలేదు. రెండోదానికి మాత్రం అతనికి ప్రాణం ఒప్పేది కాదు. వీసా సంగతి ఎప్పుడు ఏమవుతుందో తెలియదు కాబట్టి సోఫా, కుర్చీలు, టీవీ రిమోట్, చివరికి కూతురి పరుపు కూడా షాపులోంచి వచ్చిన ప్లాస్టిక్‌లోనే కాపురం చేస్తున్నాయి. రేపు మూటాముల్లె సర్దుకోవాల్సి వస్తే వాట్సాప్ గ్రూపులో ‘లైక్ న్యూ’ అని అమ్మకానికి పెట్టుకోవచ్చని అయ్యగారి ముందుచూపు.

కూతురు దేదీప్యది ఒకటో క్లాసు. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక, వీపు మీద ఎగ్జిమా. రాత్రంతా గోక్కుని పొద్దున స్కూల్లో కునికేది. క్రీములు మారుతున్నాయి గానీ దురద మారడం లేదు. పిల్లకి హాయిగా నిద్రపడితే చాలని తల్లి స్పందన మొక్కని దేవుడు లేడు.

ప్లాస్టిక్‌లో ఉండే కొన్ని రసాయనాలకీ ఎగ్జిమాకీ సంబంధం ఉండొచ్చనీ, ఇంకా ఏదీ తేలలేదనీ, వీలైతే తగ్గించి చూడమనీ డాక్టరమ్మ చెప్పింది. అంతే, దివాకర్‌కి పూనకం వచ్చింది. అతను సాఫ్ట్‌వేర్ టెస్టర్. తప్పెక్కడుందో దొరికేదాకా పక్కవాళ్ళని బతకనివ్వడు. కూతురి దురదకి ఆఫీసులో బగ్‌కి, అంటే ప్రోగ్రాంలో దొరికిన తప్పుకి, తెరిచినట్టే ఫిర్యాదు టికెట్ తెరిచాడు. రోజూ కాఫీకి ముందే తల్లీకూతుళ్ళని నిలబెట్టి స్టాండప్ మీటింగ్ పెట్టేవాడు. పెరుగు డబ్బాలు పోయాయి, పప్పుల డబ్బాలు పోయాయి, దేదీప్య ముద్దుగా చూసుకునే బొమ్మల గ్లాసు పోయింది. తలా ఒక వంటకం పట్టుకెళ్ళే పాట్‌లక్‌కి వెళ్తే అందరి డబ్బాలూ తిరగేసి అడుగున ప్లాస్టిక్ రకం చెప్పే నంబర్లు చదివి ఉపన్యాసం ఇచ్చేవాడు. కొన్నాళ్ళకి పిలవడం మానేశారు.

దురద మాత్రం తగ్గలేదు. మరి పరుపు కవరో అని స్పందన అడిగితే, దాన్నేమైనా తింటున్నామా, అది అవుట్ ఆఫ్ స్కోప్ అని కొట్టిపారేశాడు.

అతను ఆఫీసు పని మీద రెండు వారాలకి సన్నీవేల్ వెళ్ళిన రోజే స్పందన కత్తెర తీసి కవరు కోసేసింది. మొగుడు గోల పెడతాడని మడిచి అలమరలో దాచింది. అతను తిరిగొచ్చేలోపే పిల్ల వీపు మీద ఎరుపు తగ్గింది. తెల్లారి లేపితేగానీ లేవనంత నిద్ర పట్టింది. స్పందన మంచం పక్కన కూర్చుని కాసేపు ఏడ్చింది.

దివాకర్ వచ్చి చూసి ముందు సంతోషించాడు. తర్వాత కవరు కోసినందుకు నొచ్చుకున్నాడు. ఆ తర్వాత డాక్టరమ్మకి ఫోన్ చేసి కారణం ఏమిటని నిలదీశాడు. రసాయనాలు కావచ్చు, ప్లాస్టిక్ మీద పట్టే చెమట కావచ్చు, చలికాలం పోవడం వల్ల కావచ్చు, ఇదీ అని చెప్పలేనందావిడ. పిల్ల నిద్రపోతోంది కదా, సంతోషించమంది. కారణం తేలకుండా టికెట్ మూయడం దివాకర్ రక్తంలో లేదు.

ఆ సాయంత్రం అలమరలోని కవరు తీసుకుని, చేత్తో వెడల్పాటి టేపు పట్టుకుని కూతురి గదిలోకి వచ్చాడు.

“ఒక్క వారం మళ్ళీ వేసి చూద్దాం. దురద తిరిగొస్తే ఇదే కారణమని కన్ఫర్మ్ అవుతుంది. మళ్ళీ రప్పించి రీప్రో చేయకుండా టికెట్ ఎలా క్లోజ్ చేస్తాం?”

దేదీప్య మంచం దిగింది. దిండు తీసి పక్కన పెట్టి, నాన్నకి పని తేలికవ్వాలని దుప్పటి తనే లాగడం మొదలుపెట్టింది. ఒక మూల ఊడి వచ్చాక ఆగి తలెత్తింది.

“వన్ వీకే కదా నాన్నా?”

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ బగ్గూ ఇలా లేచొచ్చి అతనికి సాయం పట్టలేదు. దివాకర్‌కి కూతురి మొహం చూడడానికి సిగ్గేసింది. కవరు కింద పడేసి ఆ దుప్పటి మూలని మళ్ళీ పరుపు కిందికి దోపాడు. దోపాక కూడా చేతులు అక్కడే పెట్టుకుని చాలాసేపు వంగే ఉన్నాడు.

“వద్దమ్మా, పడుకో” అన్నాడు. “ఏదీ తేలకపోయినా ఫర్లేదు.”