టీకి పథ్యం

టీ కాచుకోవడానికి మా అత్త వంటింటి పొయ్యి ఇవ్వలేదు. దొడ్లో మునగచెట్టు పక్కన ఒక కుంపటి చూపించింది.

"నీ ఆకు నీ కుంపటి మీదే కాగాల. నా పొయ్యి కాడికి తేబాక," అంది.

అది నాకు మేలే అయింది. మా ఆయన గిద్దలూరు బడిలో లెక్కలు చెప్పేవారు. సాయంత్రం ఆరు మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వచ్చి, వీధి మలుపు దగ్గర బెల్లు మోగించేవారు. ఒకసారి మోగితే మేకలు అడ్డమొచ్చాయని అర్థం. రెండుసార్లు మోగితే నీళ్ళు కుంపటి మీదికి ఎక్కించమని. మద్రాసు హాస్టల్ నుంచి నేను రెండు పింగాణీ కప్పులు తెచ్చుకున్నాను. అందులో ఒకదానికి పిడి లేదు. ఆ కప్పు కోసం రోజూ ఇద్దరం తగాదా పడేవాళ్ళం. పిడి లేకపోతే రెండు చేతులతో పట్టుకోవాలి, అరచేతులు వెచ్చబడతాయి. పెళ్ళయి అప్పటికి మూడు నెలలు.

పెళ్ళిలో చదివించిన జేబురుమాళ్ళలో ఒకటి వడకట్టు గుడ్డ అయింది. వారం తిరిగేసరికి అది ఎర్రమట్టిలో పొర్లిన దూడ రంగుకు వచ్చింది. మా అత్త వెంకటసుబ్బులమ్మ దండెం మీద దాన్ని చూసి ఆగింది.

"గుడ్డే ఇట్లయితే పేగులు ఎట్లయితాయో," అని లోపలికి పోయింది.

టీ మా ఊరికి వచ్చింది పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిదో సంవత్సరం దసరా వెళ్ళాక. గిద్దలూరు సంతకు ఒక టీ కంపెనీవాళ్ళు మోటారు బండి తెచ్చి, గ్రామఫోను పెట్టి, వచ్చినవాళ్ళకల్లా ఊరికే పోశారట. ఆయన రెండు పొట్లాలు కొని తెచ్చారు. వాటితోపాటు కంపెనీవాళ్ళు ఒక అచ్చుకాగితం కూడా ఇచ్చారు. అందులో టీ గుణాలు వరసగా వేసి ఉన్నాయి. ఒక బుధవారం మధ్యాహ్నం మా అరుగు మీద చేరిన ఆడవాళ్ళు చదవమన్నారు. కాలేజీలో నాటకాలకు వాడిన గొంతు తీసి చదివాను.

"అలసటను పోగొట్టును. తలనొప్పిని మాన్పును. ఆకలిని పుట్టించును..."

"ఆకలి పుట్టిస్తదా?" అంది పక్కింటి రంగమ్మ. "మా ఇంట్లో ఉండే ఆకలి చాలదా తల్లీ, దుడ్లు పెట్టి కొనుక్కునేదానికి?"

"బుద్ధికి చురుకుదనమిచ్చును."

"అయితే ముందు మీ ఆయనకు పోయ్ రంగమ్మా," అంది శ్రీశైలమ్మ. అందరూ నవ్వారు.

శ్రీశైలమ్మ మాత్రం ఎక్కువసేపు నవ్వలేదు. ఆమె భర్త యల్లయ్యకు అరవై మేకలుండేవి. రోజూ నల్లమల అంచుదాకా తోలుకుపోయేవాడు. వరసకు నాకు వాళ్ళు చిన్నత్త, మామ. ఊళ్ళో అందరూ ఎవరో ఒకరికి ఏదో ఒకటి అవుతారు.

"జరానికి పనికొస్తదా కోడలా?" అని అడిగింది. "మీ మామకు మొన్న సోమవారం వచ్చింది. నిన్న లేదు. బాగైనాడనుకుంటే ఇయ్యాల మళ్ళా పట్టుకునింది. దుప్పటి మీద దుప్పటి కప్పినా వణుకు నిలవడంల్యా."

కాగితంలో జ్వరం మాట లేదు. పైనుంచి కిందిదాకా మరోసారి చూశాను, లేదు. కానీ అరుగు మీద తొమ్మిదిమంది నా నోటి వంక చూస్తున్నారు. ఎండ చల్లబడుతోంది. ఇంకొక గంటలో సైకిలు బెల్లు మోగుతుంది. అంతా బాగుంది.

"ఎందుకు పనికిరాదు చిన్నత్తా," అన్నాను.

ఇత్తడి చెంబు నిండా కాచి వాళ్ళింటికి నేనే తీసుకెళ్ళాను. యల్లయ్య రెండు గొంగళ్ళ కింద పడుకుని ఉన్నాడు. పళ్ళు టకటకమంటుంటే చెంబు అంచు పెదవులకు నిలవలేదు. శ్రీశైలమ్మ తల పట్టుకుంటే నేను తాగించాను. చెంబు ఖాళీ అయ్యేసరికి వణుకు తగ్గి చెమట పట్టడం మొదలైంది.

"కషాయమే గాని చేదు లేదే," అన్నాడతను.

"దీనికి పథ్యమేంది కోడలా?" అని శ్రీశైలమ్మ అడిగింది.

"పథ్యమేమీ లేదు."

ఆమె నన్ను అనుమానంగా చూసింది. "పథ్యం లేని మందుంటదా యాడన్నా? నీకు తెలవదేమోలే. చిన్నదానివి." అప్పటికప్పుడు ఆమే నిర్ణయించింది. గోంగూర, వంకాయ, మజ్జిగ కూడదని చెప్పింది.

గురువారం పొద్దున యల్లయ్య మేకల్ని తోలుకుని మా ఇంటి ముందునుంచే పోయాడు. నన్ను చూసి కర్ర ఎత్తి చూపించాడు. మధ్యాహ్నానికి ముగ్గురు గ్లాసులు పట్టుకుని వచ్చారు. ఒకామెకు మోకాళ్ళ నొప్పి. ఒకామె చెల్లెలికి పిల్లలు లేరు. మూడో ఆమెకు ఏమీ లేదు, ముందుజాగ్రత్తగా వచ్చింది. పొట్లం సగమైంది.

సాయంత్రం ఆయనకు ఈ సంగతంతా చెప్పాను. చెబుతూ రెండుసార్లు లేచి నిలబడ్డాను. ఆయన కప్పు కింద పెట్టి, కుంపటిలోంచి ఆరిన బొగ్గు తీసి, దొడ్డిగోడ మీద నాలుగు గీతలు గీశారు.

"సోమవారం వచ్చింది. మంగళవారం లేదు. బుధవారం వచ్చింది. గురువారం లేదు." ఒక గీత విడిచి ఒక గీతకు సున్న చుట్టారు. "నువ్వు బి.ఏ. గదా. తర్వాతిది చెప్పు."

 నేను ఆయన కింద పెట్టిన పిడి లేని కప్పు లాక్కున్నాను.

"నిన్న టీ పోయకపోయినా ఈరోజు జ్వరం వచ్చేది కాదు," అన్నారాయన. "రేపు చూడు."

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు మేకలు వాటంతట అవే ఊళ్ళోకి వచ్చేశాయి. వెనక మనిషి లేడు. నలుగురు పోయి వెతికితే, కొండ కింద బండ పక్కన యల్లయ్య ముడుచుకుని పడి ఉన్నాడు. మంచం మీద మోసుకొచ్చారు. కళ్ళు తెరిచాడు గాని ఎవరినీ గుర్తుపట్టలేదు. వాళ్ళ ఇంటి పక్కనున్న లింగయ్య పోయిన కార్తీకంలో ఇట్లాంటి చలిజ్వరంతోనే పోయాడని, అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. ఆ మాట మోసుకొచ్చినవాళ్ళే అనుకున్నారు, మెల్లగా.

నేను దొడ్లోకి వచ్చి గోడ మీద గీతల ముందు నిలబడ్డాను. మా అత్త వెనకాలే వచ్చింది.

"ఏంది అట్ల నిలబడినావు?"

"టీ తాగితే తగ్గుతుందన్నాను అత్తా."

"అంటివిలే. వాడు మజ్జిగ తాగినాడంట, శ్రీశైలమ్మ గొడవ చేస్తా ఉంది. పథ్యం తప్పినాడనుకుంటున్నారు. అనుకోనీ. నీ మీదికేం రాదు."

అంతవరకు నా టీ మీద ఒక్క మంచి మాట అనని మనిషి నన్ను కాపాడటానికి వచ్చింది. ఆమె చెప్పింది వినడానికి ఎంతో హాయిగా ఉంది. ఆ హాయికే నాకు భయం వేసింది. చెప్పులు వేసుకున్నాను.

శ్రీశైలమ్మ మంచం పక్కన కూర్చుని, మొగుడి కాళ్ళు రుద్దుతూ తిడుతోంది. అప్పటికి అతనికి కొంచెం తెలివి వచ్చింది.

"అంత మంచి మందిస్తే మజ్జిగ తాగినావా! అదీ దొంగతనంగా!"

"గుక్కెడేనే," అన్నాడు గొంగళి కిందనుంచి.

"చిన్నత్తా, మజ్జిగ వల్ల కాదు," అన్నాను. "మందే కాదది. టీ చలిజ్వరాన్ని తగ్గించదు. తెలియకుండా చెప్పాను. తప్పు నాదే. ఈ జ్వరం రోజు విడిచి రోజు వస్తుంది. నిన్న దానంతట అదే రాలేదు."

ఆమె చేతులు ఆగాయి. నా ముఖంలోకి చూసింది. కోప్పడితే బాగుండుననుకున్నాను.

"ఆకు అయిపోయిందా కోడలా?" అంది.

"అయిపోలేదు."

"మీ అత్త పోయొద్దనిందా?"

"లేదు చిన్నత్తా. నేను చెప్పేది..."

"పాలు తక్కువైతే చెప్పు. మా మేకపాలు పిండిస్తా. నీకు ఎంత కావాలంటే అంత. ఆయన మజ్జిగ ముట్టడు ఇంగ. నాది పూచీ." ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఈ ఒక్కసారికి పోయ్ తల్లీ."

ఇంతలో గుమ్మం బయట సైకిలు ఆనించిన చప్పుడైంది. ఆ రోజు బెల్లు ఒక్కసారి కూడా మోగలేదు. ఆయన జేబులోంచి కాగితం పొట్లం తీశారు. చలిజ్వరానికి సర్కారు తపాలా ఆఫీసుల్లో అమ్మించే క్వినైను బిళ్ళలు. బడి వదలగానే పోయి కొన్నారట.

"చిన్నాయనా, ఇవి మింగాల," అన్నారు. "మింగకపోతే బండి కట్టించి గిద్దలూరు ఆసుపత్రికి తీసుకపోతా."

"తపాలా బిళ్ళలా?" యల్లయ్య గొంగళి తలమీదికి లాక్కున్నాడు. "ఒద్దు నాయనా. కంభంలో ఒకసారి మింగినా. చెవుల్లో మూడు దినాలు ఒకటే రొద. కక్కుకున్నా. ఇంగ ముట్టనన్నా. ఆసుపత్రికి పోతే మేకల్ని ఎవరు తోలాల? సచ్చినా రాను."

ఆయన బతిమాలారు, కసిరారు.  శ్రీశైలమ్మ చూపు నా ఖాళీ చేతుల మీద ఉంది. ఎల్లుండి ఆదివారం. గోడ మీద సున్న చుట్టవలసిన గీత.

"చిన్నత్తా," అన్నాను. "మొన్న నువ్వు పథ్యం అడిగితే లేదన్నాను. ఉంది."

గొంగళి కొంచెం కిందికి జారింది.

"టీ తాగే ముందు ఈ బిళ్ళ నీళ్ళతో మింగాల. పొద్దున, సాయంత్రం. ఏడు రోజులు. వాంతి చేసుకున్నా మళ్ళా మింగాల్సిందే. ఒక్క పూట తప్పినా టీ పారబోస్తా, ఇంకోసారి అడిగినా పోయను."

శ్రీశైలమ్మ లేచి నిలబడింది. ఆమె ముఖం విప్పారింది.

"అట్ల చెప్పు! పథ్యం లేకుండా మందేందని నేను అప్పుడే అనుకున్నా." పొట్లం అందుకుంది. ఇంకో చేత్తో మొగుడి గడ్డం పట్టుకుంది. "తెరువు నోరు."

ఆయన నా వంక చూశారు. నేను టీ కాచడానికి పరుగెత్తాను.

పొద్దున, సాయంత్రం చెంబు పట్టుకుని పోయి, బిళ్ళ గొంతు దిగిందాకా నిలబడి, ఆ తర్వాతే పోసేదాన్ని. నాలుక ఎత్తి చూపించమనేదాన్ని. "చెవుల్లో రైలు పోతా ఉంది కోడలా," అనేవాడు. "పోనీ మామా, టీ తాగు," అనేదాన్ని. ఆదివారం మూడు గంటలకు నేనూ శ్రీశైలమ్మా మంచానికి చెరోపక్కన కూర్చున్నాం. చలి వచ్చింది. కానీ ఒక్క గొంగళికే ఆగింది. మంగళవారం మూడు దాటింది, నాలుగు దాటింది. అతను లేచి కూర్చుని మేకల లెక్క అడిగాడు. ఆయన దొడ్డిగోడ మీద మంగళవారం గీతకు సున్న చుట్టకుండా వదిలేశారు.

ఆపై గురువారం సాయంత్రం మేకల గంటలు వినిపిస్తే వీధిలోకి వెళ్ళాను. చివరి మేక వెనక మనిషి ఉన్నాడు.

తగ్గించింది బిళ్ళేనని కనబడినవాళ్ళకల్లా చెప్పాను. అందరూ తల ఊపారు. "పథ్యం గట్టిగా ఉండబట్టే మందు పనిచేసినాది," అంది శ్రీశైలమ్మ. రంగమ్మ మాత్రం గ్లాసు చాపి, "నాకు పథ్యం లేనిది పోయ్ తల్లీ, రుచికి," అంది. తపాలా ఆఫీసు నుంచి ఆయన ఆ నెల నాలుగు పొట్లాల బిళ్ళలు తెచ్చారు. టీ కోసం జ్వరమున్నవాళ్ళు వచ్చేవారు, బిళ్ళ మింగి పోయేవారు. రెండో పొట్లం టీ అడుగంటింది.

ఒక సాయంత్రం కుంపటి రాజేస్తుంటే మా అత్త వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఇంతకుముందెప్పుడూ ఆమె అంత దగ్గరికి రాలేదు. నీళ్ళు మరగడం, ఆకు వేయడం, రంగు దిగడం వరసగా చూసింది.

"నాకైతే ఏం పథ్యం?" అంది.

"మీకు జ్వరమా అత్తా?"

"జరం ల్యా, ఏం ల్యా. అడిగిందానికి చెప్పు."

"ఏమీ లేదు."

"గోంగూర తినొచ్చా?"

"తినొచ్చు."

"మజ్జిగ?"

"తాగొచ్చు."

"అయితే ఇది మందు కాదు."

"కాదు అత్తా."

ఆమె చెయ్యి చాపి, రెండు కప్పుల్లో పిడి లేనిది ఏరి తీసుకుంది. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని నా ముందుకు జరిపింది.

"పోయ్ మరి," అంది.

పోశాను. వీధి మలుపు దగ్గర బెల్లు రెండుసార్లు మోగింది. నా ముందు ఒక్క కప్పే మిగిలి ఉంది.